దేశం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉన్నప్పుడు ప్రభుత్వం ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అంతా బాగున్నప్పుడు విధానాల గురించి టెన్షన్ దేనికి?

కష్టమైన నిర్ణయాలు తక్కువ నొప్పితో తీసుకోగలిగేది అప్పుడే కాబట్టి. ఉద్యోగాలు దొరుకుతూ, పన్నులు దండిగా వసూలవుతున్నప్పుడు ఒక సబ్సిడీ తగ్గించినా, పింఛను పథకాన్ని సరిచేసినా, బ్యాంకుల మీద కొత్త నిబంధన పెట్టినా జనం తట్టుకోగలరు. అదే పని మాంద్యంలో చేస్తే ఇళ్లు గడవని పరిస్థితి వస్తుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట ఖజానాకూ వర్తిస్తుంది.

చిక్కు ఏమిటంటే, ఆ సమయంలో ఎవరికీ తొందర ఉండదు. ఖజానా పొదుపు పాటించాల్సింది మాంద్యంలో కాదు, ఆర్థిక వ్యవస్థ ఊపు మీద ఉన్నప్పుడేనని బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ 1937లోనే రాశారు. చాలా ప్రభుత్వాలు సరిగ్గా తిరగేసి చేస్తాయి. డబ్బున్నప్పుడు ఖర్చు పెంచి పన్నులు తగ్గిస్తాయి. డబ్బు అడుగంటాక, జనానికి సాయం అత్యవసరమైన రోజుల్లో, కోతలు మొదలుపెడతాయి.

దేశం నిజంగా బాగుందని ఏ లెక్క చూసి చెప్పాలి?

జీడీపీ ఒక్కటే చూస్తే పప్పులో కాలేసినట్టే. 2015లో ఐర్లాండ్ జీడీపీ ఏకంగా 26 శాతం పెరిగినట్టు లెక్క తేలింది. అక్కడి మనుషుల జీవితాలు ఆ ఏడాది అంతగా ఏమీ మారలేదు. కొన్ని బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లు, మేధో హక్కుల వంటి ఆస్తులను ఐర్లాండ్ ఖాతాలోకి మార్చుకోవడం వల్ల ఆ అంకె వచ్చింది. తర్వాత ఆ దేశ గణాంక కార్యాలయం విదేశీ కంపెనీల ప్రభావాన్ని చాలావరకు తీసేసిన వేరే జాతీయాదాయ లెక్కను ప్రచురించడం మొదలుపెట్టింది.

సగటు కంటే మధ్యలో ఉన్న కుటుంబం ఆదాయం చూడటం మేలు. జీతంలో ఇంటి అద్దెకు ఎంత పోతోంది, ఉద్యోగం పోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలరు, ఆస్పత్రిలో ఆపరేషన్‌కు ఎంతకాలం ఆగాలి అన్నవి జీడీపీలో కనపడవు.

ఖజానాలో మిగులు ఉంటే అది ప్రజల డబ్బే కదా. పన్నులు తగ్గించి తిరిగి ఇచ్చేస్తే తప్పేంటి?

తప్పని కాదు. కానీ ముందు ఆ మిగులు నిజంగా చేతికి వచ్చిందా, ఇంకా కాగితం మీదే ఉందా అని చూసుకోవాలి.

అమెరికా అనుభవం చూడండి. 1969 తర్వాత మళ్లీ 1998లోనే అక్కడి ఫెడరల్ బడ్జెట్ మిగులులోకి వచ్చింది. 2000 నాటికి మిగులు 23,600 కోట్ల డాలర్లు. నిరుద్యోగం 4 శాతం. ఆ డబ్బు ఏం చేయాలన్నది పెద్ద చర్చ అయింది. వృద్ధాప్య పింఛన్లు ఇచ్చే సోషల్ సెక్యూరిటీని ముందు నిలబెట్టాలని అధ్యక్షుడు క్లింటన్ 1998లో అన్నారు. పన్ను కోత కావాలని రిపబ్లికన్లు పట్టుబట్టారు. 2001 జనవరిలో కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం రాబోయే పదేళ్లలో 5.6 లక్షల కోట్ల డాలర్ల మిగులు రావచ్చని అంచనా వేసింది. అప్పు మరీ వేగంగా తీరిపోతే ఏమవుతుందా అని అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధిపతి గ్రీన్‌స్పాన్ అదే నెలలో ఆలోచన వ్యక్తం చేశారు. జూన్‌లో పన్ను కోత చట్టమైంది. చాలామందికి ఇంటికి చెక్కులు వెళ్లాయి, ఒంటరివాళ్లకు 300 డాలర్ల దాకా, దంపతులకు 600 దాకా.

2002లో లెక్క చూస్తే 15,800 కోట్ల డాలర్ల లోటు. పన్ను కోత ఒక్కటే దీనికి కారణం కాదు. 2000 మార్చిలో 5,000 దాటిన అమెరికా షేర్ మార్కెట్ సూచీ నాస్‌డాక్ 2002 అక్టోబర్‌కల్లా 1,100 దరిదాపులకు పడింది. షేర్ల లాభాల మీద వచ్చే పన్ను దానితోపాటే పడిపోయింది. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత రక్షణ ఖర్చు పెరిగింది. అయితే పదేళ్ల అంచనాను చేతిలో డబ్బుగా భావించి ఏళ్ల తరబడి నడవాల్సిన నిర్ణయం తీసుకోవడమే అసలు పొరపాటని నేను అనుకుంటాను. తిరిగి ఇవ్వాలనుకుంటే ఒక్కసారికి ఇచ్చి, మరుసటి ఏడాది మళ్లీ చూసుకోవచ్చు. రేట్లు తగ్గించేశాక మళ్లీ పెంచడానికి ఏ పార్టీకీ ధైర్యం చాలదు.

బడ్జెట్ మిగులులో ఉంది, అప్పు తక్కువగా ఉంది. అయినా ప్రమాదం ఉంటుందా?

ఉంటుంది. అందరూ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

2007లో ఐర్లాండ్‌ను చూసినవాళ్లెవరూ వేలెత్తి చూపలేకపోయారు. పదేళ్లుగా దాదాపు ప్రతి ఏడాదీ మిగులు బడ్జెట్. ప్రభుత్వ అప్పు జీడీపీలో నాలుగో వంతు మాత్రమే. స్పెయిన్ పరిస్థితీ అంతే. జీడీపీలో దాదాపు 2 శాతం మిగులు, 36 శాతం అప్పు. కాగితం మీద ఈ రెండూ జర్మనీ కంటే క్రమశిక్షణ గల దేశాలు.

కానీ ఆ పన్నులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఐర్లాండ్‌లో స్టాంప్ డ్యూటీ, ఆస్తి లాభాల పన్ను, కంపెనీల లాభాల మీద వేసే కార్పొరేషన్ పన్ను వంటి నిలకడ లేని వనరుల వాటా 1987లో పన్ను ఆదాయంలో 8 శాతం ఉండేది. 2006కు అది 30 శాతానికి చేరింది. ఇల్లు అమ్ముడుపోయిన ప్రతిసారీ ఖజానాకు స్టాంప్ డ్యూటీ. కొత్త ఇల్లు కడితే అమ్మకం పన్ను. కూలీలు, మేస్త్రీల జీతాల మీద ఆదాయపు పన్ను. 42 లక్షల జనాభా ఉన్న దేశంలో 2006లో దాదాపు 90 వేల ఇళ్లు కట్టారు. ఆ డబ్బు చూసుకుని ప్రభుత్వం ఆదాయపు పన్ను తగ్గించింది, జీతాలు, భత్యాలు పెంచింది. ఇళ్ల అమ్మకాలు ఆగిపోయిన రోజున ఇవన్నీ ఒకేసారి కూలాయి.

దానికి తోడు బ్యాంకులు. 2008 సెప్టెంబర్ చివర్లో ప్రభుత్వం పెద్ద బ్యాంకుల అప్పుల్లో దాదాపు అన్నింటికీ హామీ ఇచ్చింది. ఒక్క ఆంగ్లో ఐరిష్ బ్యాంకును మోయడానికే దాదాపు 3,000 కోట్ల యూరోలు పోయాయి. 2010లో బడ్జెట్ లోటు జీడీపీలో 32 శాతానికి చేరింది. అదే ఏడాది నవంబర్‌లో యూరోపియన్ యూనియన్, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) సాయం కోరాల్సి వచ్చింది. నిరుద్యోగం 15 శాతం దాకా వెళ్లింది. స్పెయిన్‌లో 8 శాతం ఉన్న నిరుద్యోగం 2013 నాటికి 26 శాతమైంది. ఆ అంకె వెనుక చదువు మధ్యలో ఆపి నిర్మాణ పనులకు వెళ్లిన కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. బూమ్ నడిచినంతకాలం వాళ్లకు మంచి జీతాలు వచ్చాయి. అది ఆగాక చేతిలో చదువూ లేదు, పనీ లేదు. ఈ నష్టం ఏ బడ్జెట్ పద్దులోనూ రాయరు.

వచ్చే డబ్బులో నిలిచేది ఎంత, పోయేది ఎంత అని ముందే చెప్పగలమా?

కచ్చితంగా చెప్పలేం గానీ నిజాయితీగా అంచనా వేయొచ్చు. చిలీ ఇందుకు ఒక పద్ధతి పెట్టుకుంది. అక్కడ ప్రభుత్వ ఆదాయం రాగి ధర మీద బాగా ఆధారపడి ఉంటుంది. 2001 నుంచి ఆ దేశం ఈ ఏడాది రాగి ధరను బట్టి కాకుండా, దీర్ఘకాలంలో ధర ఎంత ఉండొచ్చో దాన్ని బట్టి ఖర్చు నిర్ణయించుకుంటోంది. ఆ దీర్ఘకాలిక ధరను ప్రభుత్వం కాక, బయటి నిపుణుల బృందం ఇచ్చే అంచనాల ఆధారంగా తేలుస్తారు. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. ఆశగా ఉన్నవాడి చేతిలో అంచనా పెట్టకూడదు.

2006 తర్వాత రాగి ధర ఆకాశాన్ని అంటినప్పుడు ఆర్థిక మంత్రి ఆంద్రెస్ వెలాస్కో ఆ అదనపు డబ్బును విదేశాల్లో దాచారు. జనానికి కోపం వచ్చింది. ఖజానా నిండుగా ఉంటే జీతాలు పెంచరా అని 2008లో ప్రభుత్వోద్యోగులు శాంటియాగో వీధుల్లో ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఆ ఏడాదే ప్రపంచ సంక్షోభం వచ్చింది, రాగి ధర కుప్పకూలింది. చిలీ కొత్తగా అప్పుల కోసం తిరగకుండా 2009 జనవరిలో 400 కోట్ల డాలర్ల ఉద్దీపన ప్రకటించి పేద కుటుంబాలకు నగదు ఇవ్వగలిగింది. ఆ ఏడాది ముగిసేసరికి ఆయన ఆ ప్రభుత్వంలోనే బాగా మన్ననలు పొందిన మంత్రుల్లో ఒకరు.

ఒక పొదుపు నిధి పెట్టేస్తే సరిపోతుందా?

నిధి పెట్టడం తేలిక. దాని మీద చేయి పడకుండా చూడటం కష్టం. నార్వే 1990లో చమురు నిధికి చట్టం చేసింది, 1996లో మొదటి జమ వేసింది. ఏటా ఎంత తీసుకోవచ్చన్నదానికి 2001లో నిధిలో 4 శాతం అని ఒక హద్దు గీసుకుని, 2017లో దాన్ని 3 శాతానికి తగ్గించుకుంది. ఆ డబ్బును దేశం లోపల పెట్టరు, మొత్తం విదేశాల్లోనే పెడతారు. లోపల పెడితే ఎవరి ఒత్తిడి ఎటు లాగుతుందో వాళ్లకు తెలుసు.

పసిఫిక్‌లోని చిన్న దీవి నౌరూ 1968లో స్వతంత్రమైంది. ఫాస్ఫేట్ తవ్వకంతో 1970ల్లో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో నిలిచింది. వాళ్లకూ ట్రస్టు నిధి ఉండేది. మెల్‌బోర్న్‌లో పెద్ద భవనం కూడా కట్టించుకున్నారు. ఖనిజం అడుగంటింది, నిర్వహణ దారి తప్పింది, 2004లో ఆ భవనం అమ్ముకోవాల్సి వచ్చింది. దీవి మధ్య భాగం చాలావరకు తవ్వేసిన బండరాళ్లుగా మిగిలింది. ఐర్లాండ్ కూడా 2001లో భావి పింఛన్ల కోసం నిధి పెట్టి ఏటా జాతీయాదాయంలో 1 శాతం జమ చేసింది. సంక్షోభంలో అందులో ఎక్కువ భాగం బ్యాంకులను నిలబెట్టడానికే పోయింది. వృద్ధుల కోసం దాచింది వాళ్లకు చేరలేదు.

సహజ సంపద దొరికితే ఫ్యాక్టరీలు ఎందుకు మూతపడతాయి?

1959లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో భారీ సహజ వాయు నిక్షేపం బయటపడింది. గ్యాస్ ఎగుమతులతో డబ్బు వచ్చి పడటంతో వాళ్ల కరెన్సీ విలువ పెరిగింది. దాంతో అక్కడ తయారైన ఇతర వస్తువులు విదేశీ కొనుగోలుదారులకు ఖరీదైపోయాయి, పరిశ్రమలు దెబ్బతిన్నాయి. 1977లో ఒక ఆర్థిక పత్రిక దీనికి 'డచ్ వ్యాధి' అని పేరు పెట్టింది. గ్యాస్ తవ్వకానికి కొద్దిమంది చాలు. మూతపడే ఫ్యాక్టరీల్లో మాత్రం వేలమంది పనిచేస్తుంటారు. గ్రోనింగెన్ వాసులకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. తవ్వకం వల్ల భూమి కంపించి ఇళ్ల గోడలు బీటలు వారాయి. 2012లో హౌజింగే దగ్గర 3.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చివరకు 2023 అక్టోబర్‌లో ఉత్పత్తి ఆపేశారు. లాభం దేశమంతటికీ, బీటలు ఒక్క ప్రాంతానికి.

అప్పు తీర్చేయడమే అన్నిటికంటే సురక్షితం కదా?

అప్పు తగ్గించడం మంచిదే. కానీ అప్పు రెండు రకాలు. ఒకటి బాండ్ల రూపంలో కనిపిస్తుంది. రెండోది తుప్పు పట్టిన వంతెనలో, కారుతున్న బడి పైకప్పులో, ఆలస్యంగా నడిచే రైలులో ఉంటుంది. మొదటిది తీర్చడానికి రెండోది పెంచుకుంటే దేశం బాగుపడినట్టు కాదు.

జర్మనీ 2009లో రాజ్యాంగంలోనే అప్పుల మీద కట్టడి పెట్టుకుంది. 2014 నుంచి 2019 దాకా మిగులు చూపించింది. ఆ ఏళ్లలో వడ్డీ రేట్లు దాదాపు సున్నా. దీర్ఘకాలిక పనులకు అంతకంటే చవగ్గా డబ్బు దొరికే రోజులు రావడం అరుదు. అయినా నిర్వహణ వాయిదా పడుతూ వచ్చింది. 2021 డిసెంబర్‌లో ఏ45 మోటార్‌వే మీద, ల్యూడెన్‌షైడ్ దగ్గరున్న రామెడె వంతెనను ఉన్నపళంగా మూసేశారు. 453 మీటర్ల పొడవున్న ఆ వంతెన 1960ల నాటిది. అది కట్టిన రోజుల్లో ఊహించినదానికంటే ఎన్నో రెట్లు లారీలు దాని మీద తిరిగాయి. మూసేశాక ఆ లారీలన్నీ ఊరి వీధుల గుండా వెళ్లడం మొదలుపెట్టాయి. ఇళ్ల కిటికీల ముందు పగలూ రాత్రీ అదే మోత. చుట్టుపక్కల ఉన్న చిన్న చిన్న లోహపు పరిశ్రమలకు సరుకు రావడం, పోవడం కష్టమైంది, కొందరు ఉద్యోగులు వేరే ఊళ్లు చూసుకున్నారు. 2023 మే నెలలో ఆ వంతెనను పేల్చేశారు.

సకాలంలో పట్టించుకుని ఉంటే గోటితో పోయేది, గొడ్డలి దాకా వచ్చింది. 2025 మార్చిలో జర్మనీ రాజ్యాంగాన్నే సవరించి మౌలిక సదుపాయాల కోసం 50,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధికి దారి తెరిచింది. ఇప్పుడు తెచ్చే అప్పుకు వడ్డీ అప్పటికంటే ఎక్కువ, నిర్మాణ ఖర్చులూ ఎక్కువే.

వృద్ధి బాగుంటే పేదరికం దానంతట అదే తగ్గదా?

కొంత తగ్గుతుంది, అది చిన్న విషయం కాదు. 1990ల చివర్లో అమెరికాలో పనివాళ్లకు గిరాకీ ఎంత పెరిగిందంటే, మామూలుగా ఎవరూ పిలవనివాళ్లను కూడా కంపెనీలు పిలిచి ఉద్యోగం ఇచ్చాయి. నల్లజాతివారిలో నిరుద్యోగం అప్పటివరకు ఎన్నడూ లేనంత తగ్గింది. 2000లో అధికారిక పేదరికం 11.3 శాతానికి దిగింది. పనికి డిమాండ్ ఉండటం పేదలకు జరిగే గొప్ప మేలు అని నేను గట్టిగా నమ్ముతాను.

కానీ అదే కాలంలో దాదాపు 4 కోట్ల మందికి ఆరోగ్య బీమా లేదు. ఇక 1996 సంక్షేమ సంస్కరణ సంగతి. అప్పటిదాకా పేద తల్లులకు, పిల్లలకు హక్కుగా అందిన నగదు సాయం స్థానంలో, పనికి ముడిపెట్టి, జీవితకాలంలో మొత్తం ఐదేళ్లు మించకూడదన్న షరతుతో కొత్త పథకం తెచ్చారు. రాష్ట్రాలకు ఏటా ఇచ్చే మొత్తాన్ని 1,650 కోట్ల డాలర్లుగా స్థిరపరిచారు. సాయం తీసుకునేవారు కొన్నేళ్లలోనే సగానికి పైగా తగ్గారు. ఉద్యోగాలు దొరుకుతున్నాయి కాబట్టి అందరూ దాన్ని విజయంగా చూశారు. 2008 మాంద్యంలో అసలు పరీక్ష ఎదురైంది. లక్షలమంది ఉద్యోగాలు పోయినా ఆ పథకం కింద సాయం అందుకునేవారి సంఖ్య పెద్దగా పెరగలేదు. ఆహార కూపన్లు మాత్రం అవసరానికి తగ్గట్టు పెరిగి ఎన్నో కుటుంబాలను కాపాడాయి, ఎందుకంటే వాటికిచ్చే మొత్తాన్ని అలా స్థిరపరచలేదు. మంచి కాలంలో రూపొందించే సంక్షేమ పథకాన్ని చెడ్డ కాలం కళ్లతో చూడాలని నేను అడిగేది ఇందుకే.

జనం ఆదాయాలు పెరుగుతున్నా వీధుల్లోకి ఎందుకు వస్తారు?

మళ్లీ చిలీకే వెళ్దాం. పొదుపులో ఆదర్శం అనుకున్న దేశమే 2019 అక్టోబర్‌లో భగ్గుమంది. కారణం శాంటియాగో మెట్రో టికెట్ 30 పెసోలు పెరగడం. 800 ఉన్నది 830 అయింది. విద్యార్థులు టికెట్ లేకుండా గేట్ల మీంచి దూకారు. కొద్ది రోజుల్లో స్టేషన్లు తగలబడ్డాయి, ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. "30 పెసోల కోసం కాదు, 30 ఏళ్ల కోసం" అన్నది వీధుల్లో వినిపించిన నినాదం.

1990 నుంచి అక్కడ పేదరికం బాగా తగ్గిన మాట నిజం. 2010లో చిలీ, ఎక్కువగా సంపన్న దేశాలుండే సంఘమైన ఓఈసీడీలో సభ్యదేశమైంది. కానీ పింఛను 1981 నుంచి ప్రైవేటు కంపెనీల చేతిలో ఉంది. జీతంలో 10 శాతం కట్టినా, చాలామందికి చివర చేతికొచ్చింది స్వల్పం. చదువు కోసం చేసిన అప్పు ఏళ్ల తరబడి తీరదు. డబ్బున్నవాళ్ల ఆస్పత్రి వేరు, లేనివాళ్లది వేరు. పేదరికం దాటి వచ్చిన కుటుంబం ఒక జబ్బుతో మళ్లీ వెనక్కి జారిపోతానన్న భయంతో బతుకుతుంటే, జీడీపీ పెరిగిందని చెప్పడం వాళ్లను గాయపరుస్తుంది. ఖజానాను కష్టకాలానికి సిద్ధం చేసిన రాజ్యం ఆ కుటుంబాలను సిద్ధం చేయలేదు.

ఇళ్ల ధరలు పెరగడం సంపద పెరిగినట్టు కాదా?

ఇల్లున్నవాళ్లకు కాగితం మీద అవును. కొనాల్సినవాళ్లకు అదే అంకె భారం. ఐర్లాండ్‌లో బూమ్ ముగిశాక సగంలో వదిలేసిన కాలనీలు 2010లో లెక్కిస్తే 2,800కు పైగా తేలాయి. నిర్మాణ రంగం చితికిపోయింది, పనివాళ్లు దేశం విడిచి వెళ్లారు. పదేళ్లు తిరగకుండానే అదే దేశంలో ఇళ్లు దొరకని సంక్షోభం మొదలైంది. అప్పుడు కట్టినవి చాలావరకు జనానికి కావాల్సిన చోట లేవు.

ఒక చిన్న సాంకేతిక విషయం. ధరలు వేడెక్కినప్పుడు వడ్డీ రేటు పెంచి చల్లార్చడం మామూలు పద్ధతి. ఐర్లాండ్, స్పెయిన్ యూరో వాడే దేశాలు కాబట్టి వాటి చేతుల్లో ఆ మీట లేదు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ 2003 జూన్ నుంచి 2005 డిసెంబర్ దాకా రేటును 2 శాతం వద్దే ఉంచింది. మందకొడిగా ఉన్న పెద్ద దేశాలకు అది సరిపోయింది. పరుగులు తీస్తున్న ఈ రెండింటికీ అది చాలా తక్కువ. ఇలాంటప్పుడు గృహరుణాల మీద పరిమితులు, బ్యాంకులు సొంత సొమ్ము ఎంత ఉంచుకోవాలన్న మూలధన నిబంధనలు, ఆస్తి పన్నులే మిగిలిన ఆయుధాలు. ఐర్లాండ్ రుణ పరిమితులు పెట్టింది 2015లో, అంటే చేతులు కాలాకే. స్పెయిన్ మాత్రం 2000 నుంచే మంచి ఏళ్లలో నష్టాలకు ముందుగా డబ్బు పక్కన పెట్టాలని బ్యాంకులకు నిబంధన పెట్టింది. అది సరిపోలేదు గానీ ఆలోచన సరైనదే.

వృద్ధుల విషయంలో ముందుగానే ఏం చేయాలి?

1973ను జపాన్ 'సంక్షేమ యుగానికి తొలి ఏడాది' అని ప్రకటించుకుంది. 70 దాటినవారికి వైద్యం ఉచితం చేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో చమురు సంక్షోభం వచ్చింది, 1974లో ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. ఆ ఉచిత వైద్యాన్ని 1983లో ఎత్తేసి, వృద్ధులూ కొంత కట్టేలా మార్చారు.

దక్షిణ కొరియాది మరో రకం అనుభవం. 1977లో 500 మందికి పైగా ఉద్యోగులున్న సంస్థలతో మొదలుపెట్టి, 1989కల్లా దేశమంతటికీ ఆరోగ్య బీమా విస్తరించింది. 12 ఏళ్లలో ఇంత పని జరగడం అభినందించదగ్గది. కానీ జాతీయ పింఛను 1988లో గానీ మొదలవలేదు. అప్పటికే వయసు పైబడినవాళ్లకు, దేశాన్ని నిలబెట్టడానికి ఒళ్లు హూనం చేసుకున్న ఆ తరానికి, దాంతో పెద్దగా ఒరిగింది లేదు. ఇప్పుడు కొరియా వృద్ధుల్లో పేదరికం దాదాపు 40 శాతం, సంపన్న దేశాలన్నిటిలోనూ ముందు వరుస. పింఛను విషయంలో పదేళ్ల ఆలస్యం అంటే ఒక తరం మొత్తం బయట ఉండిపోవడమే.

వలస కార్మికులను బూమ్‌లో పిలిచి, తర్వాత పంపేయొచ్చా?

పశ్చిమ జర్మనీ అలాగే అనుకుంది. 1955లో ఇటలీతో, 1961లో తుర్కియేతో ఒప్పందాలు చేసుకుని కార్మికులను రప్పించింది. 1964 సెప్టెంబర్‌లో పది లక్షలవ అతిథి కార్మికుడిగా పోర్చుగల్ నుంచి వచ్చిన ఒక వడ్రంగికి కొలోన్ స్టేషన్‌లో పూలగుచ్ఛంతో పాటు ఒక మోపెడ్ బహూకరించారు. ఆయన జబ్బుపడి సొంత దేశానికి వెళ్లి 1979లో చనిపోయారు. మోపెడ్ ఇప్పుడు బాన్‌లోని మ్యూజియంలో ఉంది. 1973లో చమురు సంక్షోభంతో జర్మనీ కొత్తవారిని తీసుకోవడం ఆపేసింది. అప్పటికే ఉన్నవాళ్లలో లక్షలమంది తమ కుటుంబాలను రప్పించుకుని స్థిరపడ్డారు. వాళ్ల పిల్లల చదువు, భాష, పౌరసత్వం గురించి దశాబ్దాలపాటు ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. పని కోసం పిలిచిన మనిషికి ఇల్లు, బడి, ఆస్పత్రి, హక్కులు పిలిచిన రోజు నుంచే లెక్కలోకి తీసుకోవాలి.

ముందుచూపుతో నడిచిన ప్రభుత్వాన్ని జనం మళ్లీ గెలిపిస్తారా?

హామీ లేదు. చిలీ అధ్యక్షురాలు బాచెలెట్ 2010లో దిగిపోయేటప్పుడు ఆమెకు 80 శాతం దాకా ప్రజామోదం ఉంది. వరుసగా రెండోసారి పోటీకి అక్కడి రాజ్యాంగం ఒప్పుకోదు, ఆమె కూటమి అభ్యర్థి ఓడిపోయారు. అందుకే ఈ పనిని ఒక మంత్రి మంచితనానికి వదిలేయకుండా, ప్రభుత్వానికి దూరంగా లెక్కలు చూసే సంస్థ చేతిలో కొంత పెట్టడం అవసరం. ఐర్లాండ్ 2011లో అలాంటి సలహా మండలి పెట్టుకుంది. కార్పొరేషన్ పన్ను కొద్ది కంపెనీల నుంచే వస్తోందని, దాన్ని నమ్ముకుని శాశ్వత ఖర్చులు పెంచొద్దని అది ఏటా హెచ్చరిస్తోంది. 2024లో ఆ పన్నులో కొంత దాచడానికి కొత్త నిధి మొదలైంది.

నెదర్లాండ్స్‌లో 1945లో పుట్టిన ప్రణాళికా సంస్థ ఒకటి ఉంది. 1986 నుంచి పార్టీలు తమంతట తామే ఎన్నికల ముందు తమ మేనిఫెస్టోను దానికి ఇస్తున్నాయి. ఏ హామీకి ఎంత ఖర్చు, ఎవరి ఆదాయం ఎంత మారుతుంది, లోటు ఎటు పోతుంది అని అది లెక్కగట్టి ఓటింగ్‌కు ముందే అందరి ముందు పెడుతుంది. ఇవ్వాలన్న చట్టం ఏదీ లేదు. ఇవ్వని పార్టీని మిగతావాళ్లు ఎందుకివ్వలేదని అడుగుతారు.